పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి డెస్క్‌టాప్: పార్టులు ఎంచుకోవడం మొదటి నుంచి చివరిదాకా

ఖమ్మంలో ఉండే మా బాబాయి కొడుకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మాఘమాసం సీజన్‌కి ముందు అప్పో సప్పో చేసి కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నాడు. కొనేముందు లిస్టు నాకు చూపించాడు కూడా. ప్రాసెసర్ మంచిది, గ్రాఫిక్స్ కార్డు మంచిది, ర్యామ్ బోలెడంత. నేనూ సరేనన్నాను. వారం తిరక్కుండానే ఫోను.

"అన్నా, జీలకర్ర బెల్లం క్లిప్పు ప్లే చేస్తే రెండుసార్లు ఆగుతోంది. పాతదాంట్లో మూడుసార్లు ఆగేది. ఆ ఒక్కసారి కోసమా ఇంత డబ్బు పోసింది?"

వెళ్లి చూశాను. క్లిప్పు ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం కొట్టుకుంటోంది. గ్రాఫిక్స్ కార్డు పేజీలో 'వీడియో డీకోడ్' అనే గ్రాఫు మాత్రం నేల మీద గీత గీసినట్టు సున్నా దగ్గరే ఉంది. అంత ఖరీదైన కార్డు చేతులు కట్టుకుని కూర్చుంది. తప్పు కార్డుది కాదు, లిస్టు చూసి తలూపిన నాది. వాడు ఏ కెమెరాతో, ఏ మోడ్‌లో షూట్ చేస్తాడో నేను అడగనే లేదు.

అందుకే ఈసారి లిస్టును క్లిప్పు దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఇక్కడ చెప్పేది పెళ్లి వీడియోల సిస్టమ్ గురించే అయినా గేమింగ్‌కీ, త్రీడీ పనికీ పద్ధతి ఇదే. మీ పనిలో కంప్యూటర్ ఏ పార్టు కోసం ఎదురుచూస్తోందో కనిపెట్టి డబ్బు అక్కడ పెట్టాలి.

1. ముందు మీ క్లిప్పు సంగతి తెలుసుకోండి

మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మీ కెమెరాలో తీసిన క్లిప్పు ఒకటి దాంట్లో వేసి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. ఫార్మాట్ ఏది (ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265), బిట్ డెప్త్ ఎంత (8 లేదా 10), క్రోమా సబ్‌శాంప్లింగ్ ఎంత (4:2:0 లేదా 4:2:2).

మూడోదే మా కొంప ముంచింది. వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు సమాచారాన్ని మాత్రం కెమెరా తగ్గించి రాసుకుంటుంది. 4:2:0 అయితే నాలుగు పిక్సెళ్లకి ఒక రంగు విలువ, 4:2:2 అయితే రెండింటికి ఒకటి. ఎర్ర పట్టుచీర అంచు, దాని పక్కన జరీ, మీద పడే పసుపు తలంబ్రాలు ఉన్న షాటును కలర్ గ్రేడింగ్ చేసినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. అందుకే ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలున్న వాళ్లు చాలామంది 4:2:2 10-బిట్‌లో తీస్తున్నారు.

చిక్కేమిటంటే, ఈ క్లిప్పులను విప్పి చూపించడానికి చిప్పులో ప్రత్యేకంగా ఒక డీకోడర్ ఉండాలి. అది లేకపోతే భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. ఎన్విడియా కంపెనీ ఆర్టీఎక్స్ 40 సిరీస్, అంతకుముందు కార్డుల్లో 4:2:2 డీకోడర్ లేదు. ఆర్టీఎక్స్ 50 సిరీస్‌లో వచ్చింది, హెచ్.264, హెచ్.265 రెండింటికీ. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ 11వ తరం నుంచీ హెచ్.265 4:2:2 చదువుతోంది. ఏఎండీ కంపెనీ రైజన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని చిన్న గ్రాఫిక్స్‌కి ఆ పని రాదు.

మీ క్లిప్పు 4:2:0 అని తేలితే ఈ గొడవే లేదు. గత కొన్నేళ్లలో వచ్చిన ఏ కార్డయినా నడిపించేస్తుంది. మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టుకోండి.

2. గ్రాఫిక్స్ కార్డు

షాపులో పెద్ద నంబరు వైపే మనల్ని నడిపిస్తారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆర్టీఎక్స్ 5060 టీఐలో డీకోడర్ ఒకటే, దానికంటే బాగా ఖరీదైన 5070 టీఐలోనూ ఒకటే. రెండు డీకోడర్లు కావాలంటే 5080కి వెళ్లాలి. అంటే టైమ్‌లైన్ మీద క్లిప్పు ప్లే అవడం వరకూ 5060 టీఐకీ 5070 టీఐకీ మీకు పెద్ద తేడా తెలియదు. నాయిస్ రిడక్షన్, స్లో మోషన్ కోసం ఫ్రేములు పుట్టించడం, ఏఐ మాస్కింగ్ లాంటివి రోజూ వాడేవాళ్లకే ఆ అదనపు డబ్బు గిట్టుబాటవుతుంది. మా తమ్ముడి పని ట్రెడిషనల్ వీడియో, నాలుగు నిమిషాల హైలైట్స్, ఒక రీలు. వాడికి 5060 టీఐ చాలు.

కానీ కార్డు మెమరీ 16 జీబీ ఉన్నదే తీసుకోవాలి. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, పెట్టె మీద తేడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. 4కే టైమ్‌లైన్ మీద రెండు మూడు ఎఫెక్టులు వేయగానే 8 జీబీ నిండిపోయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిసాల్వ్ మెమరీ చాలలేదని మొహం మీదే చెప్పేస్తుంది.

ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ గేమ్స్‌కి డబ్బుకు తగ్గ మంచి కార్డు. ఎడిటింగ్ ప్లగిన్లు, త్రీడీ సాఫ్ట్‌వేర్లు మాత్రం 2007 నుంచీ ఉన్న ఎన్విడియా వాళ్ల 'CUDA' (కార్డు చేత లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్ వేదిక) మీద అల్లుకుపోయాయి. పని కోసం కొనేవాళ్లకి ఎన్విడియానే చెబుతాను.

3. ప్రాసెసర్

ఈ పనికి నా మొదటి ఓటు ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కెకి. 20 కోర్లు, వాటిలో 8 పెద్దవి, 12 చిన్నవి. లోపలి గ్రాఫిక్స్ హెచ్.265 4:2:2 చదువుతుంది కాబట్టి కార్డులోని డీకోడర్‌కి తోడు ఇంకొకటి ఉన్నట్టే. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం వద్దు. ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ తీసేసినది. కొద్దిపాటి డబ్బు ఆదా అవుతుందని షాపువాళ్లు ఎక్కువగా కొటేషన్‌లో పెట్టేది ఆ ఎఫ్‌నే. కార్డు పాడై వారంటీకి వెళ్లిన రోజు స్క్రీన్ మీద బొమ్మ కూడా రాదు.

రైజన్ వైపు మొగ్గు ఉంటే 12 కోర్ల రైజన్ 9 9900ఎక్స్ చక్కటి ప్రాసెసర్, కానీ దానికి జోడీగా ఆర్టీఎక్స్ 50 కార్డు ఉండి తీరాలి. రైజన్ వల్ల ఒక లాభం ఉంది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను కనీసం 2027 వరకూ నడుపుతామని ఏఎండీ చెప్పింది. రేపు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవచ్చు. గేమ్స్ మాత్రమే ఆడేవాళ్లయితే 8 కోర్ల రైజన్ 7 9800ఎక్స్3డీ చూడండి. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్పులోనే ఉండే వేగమైన మెమరీ) ఉన్న ఆ చిప్పు గేమ్స్‌లో తనకంటే రెట్టింపు కోర్లున్న వాటిని దాటిపోతుంది. ఎడిటింగ్‌లో ఆ క్యాష్ వల్ల ఒరిగేది తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చవగ్గా కనిపిస్తాయి. వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్పు మెల్లగా దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ అప్‌డేట్ లేకుండా ఎన్నాళ్లు నడిచిందో తెలియని చిప్పు జోలికి వెళ్లకండి.

4. బోర్డు, ర్యామ్

బోర్డు మీద డబ్బు తగలేయడం చాలా తేలిక. ఓవర్‌క్లాకింగ్, అంటే ప్రాసెసర్‌ను నిర్ణయించిన వేగానికి మించి నడపడం, చేయరు కదా, జెడ్890 చిప్‌సెట్ ఉన్న బోర్డు ఎందుకు? బీ860 చిప్‌సెట్‌ది చాలు. చూడాల్సినవి ఇవే: ప్రాసెసర్ చుట్టూ ఉన్న పవర్ సర్క్యూట్ మీద మందపాటి హీట్‌సింక్ ఉందా, ఎస్ఎస్‌డీలు బిగించే ఎం.2 స్లాట్లు మూడైనా ఉన్నాయా, కార్డ్ రీడర్ పెట్టుకోవడానికి వెనక వేగమైన టైప్-సీ పోర్టు ఉందా. ఇంకొక్కటి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ బోర్డు స్పెసిఫికేషన్ల కింద చిన్న అక్షరాల్లో ఉండేది తప్పకుండా చదవండి. ఫలానా ఎం.2 స్లాటు వాడితే గ్రాఫిక్స్ స్లాటు వేగం సగమవుతుందనో, హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు రెండు పనిచేయవనో రాసి ఉంటుంది.

ర్యామ్ 64 జీబీ, 32 చొప్పున రెండు స్టిక్కులు. నాలుగు స్లాట్లూ నింపితే అందంగా ఉంటుంది కానీ డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా తగ్గించి నడపాల్సి వస్తుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. చేతిలో డబ్బు ఆడకపోతే 16 చొప్పున రెండు తీసుకుని 32తో మొదలుపెట్టండి. తర్వాత వాటిని అమ్మేసి పెద్ద జత కొనుక్కోవచ్చు, పక్కన ఇంకో జత మాత్రం ఇరికించకండి. వేగం 6000 ఉంటే బాగుంటుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టి, బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దానిమీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. రైజన్ బోర్డుల్లో దాన్నే ఎక్స్‌పో అంటారు. అది ఆన్ చేయకపోతే 6000కి డబ్బిచ్చి అంతకంటే తక్కువ వేగంతో నడుపుకుంటున్నట్టు. ఏళ్ల తరబడి అలాగే నడిచిన సిస్టమ్‌లు నేను చూశాను.

5. స్టోరేజీ: ఇక్కడ లెక్క వేయాలి

సెకనుకు 200 మెగాబిట్లతో రికార్డయ్యే 4కే క్లిప్పు అంటే సెకనుకు 25 ఎంబీ, గంటకు 90 జీబీ. 100 మెగాబిట్లయితే అందులో సగం, 45 జీబీ. ఒక పెళ్లికి రెండు ట్రెడిషనల్ కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగాయనుకోండి, 100 మెగాబిట్ల చొప్పున 360 జీబీ. క్యాండిడ్ కెమెరా 200 మెగాబిట్లతో రెండు గంటలు, 180 జీబీ. మొత్తం 540 జీబీ. డ్రోన్, హల్దీ, రిసెప్షన్ ఇంకా కలపలేదు. సీజన్‌లో పది పెళ్లిళ్లు ఒప్పుకుంటే 5 టీబీ దాటుతుంది.

ఇప్పుడు వేగం సంగతి. మూడు కెమెరాల మల్టీక్యామ్ ఒకేసారి ప్లే చేసినా కావలసింది సెకనుకు 75 ఎంబీ. జెన్ 4 ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ 7,000 ఎంబీ ఇస్తుంది. జెన్ 5 అయితే దానికి రెట్టింపు, ధరా ఎక్కువ, వేడీ ఎక్కువ. 75 అవసరానికి 7,000 ఉన్నప్పుడు 14,000 ఏం చేసుకుంటాం? మరి హార్డ్ డిస్క్ కూడా 150, 200 ఇస్తుంది కదా అంటే, అది ఒకే ఫైలు వరసగా చదివినప్పటి మాట. మూడు ఫైళ్లు మూడు చోట్ల నుంచి అడిగితే లోపలి హెడ్డు అటూ ఇటూ పరుగులు పెట్టి చతికిలబడుతుంది.

కాబట్టి విండోస్‌కీ సాఫ్ట్‌వేర్లకీ 1 టీబీ ఎస్ఎస్‌డీ, చేతిలో ఉన్న పెళ్లిళ్లకి విడిగా 2 టీబీ ఎస్ఎస్‌డీ, అయిపోయినవి దాచడానికి 8 టీబీ హార్డ్ డిస్క్. రెండో ఎస్ఎస్‌డీ దగ్గర పొదుపు చేయకండి. క్యూఎల్‌సీ రకం చవక, కానీ దాని క్యాష్ నిండాక వేగం దారుణంగా పడిపోతుంది. మెమరీ కార్డుల నుంచి అర టీబీ దించుతుంటే మొదట్లో రయ్యిన వెళ్లి సగంలో నత్తనడక అందుకుంటుంది. టీఎల్‌సీ అని, డీర్యామ్ ఉందని రాసి ఉన్నది తీసుకోండి. హార్డ్ డిస్క్‌లో సీఎంఆర్ రకం అడగండి. ఎస్ఎంఆర్ రకంలో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఉన్నది చెరిపి కొత్తది రాసేటప్పుడు నీరసపడుతుంది.

ఇదంతా ఒక కాపీయే. రెండో కాపీ బయటి హార్డ్ డిస్క్‌లో, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. తెల్లవారుజామున రెండున్నర ముహూర్తానికి తీసిన తాళి షాటు పోతే పెళ్లివాళ్లకి ఏం చెబుతారు?

6. కరెంటు: ఎస్ఎంపీఎస్, యూపీఎస్, ఎర్తింగ్

కొటేషన్ తగ్గించమని అడిగితే షాపువాడు మొదట చెయ్యి పెట్టేది ఎస్ఎంపీఎస్, అంటే లోపలి పవర్ సప్లై మీదే. దాన్ని వదులుకోకండి.

లెక్క ఇలా వేసుకోండి. 265కె గరిష్ఠంగా 250 వాట్లు లాగుతుంది, 5060 టీఐ 180, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 70. మొత్తం 500. దీనికి 750 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టండి. కార్డులు క్షణకాలం పాటు రాసిన వాటేజీకి బాగా మించి లాగి వదులుతాయి. ఏటీఎక్స్ 3.1 అని రాసి ఉన్నవి ఆ కుదుపులను తట్టుకునేలా తయారైనవి. 80 ప్లస్ గోల్డ్ అనేది ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందో చెప్పే ముద్ర మాత్రమే, లోపలి సరుకు నాణ్యతకు హామీ కాదు. నేను వారంటీ చూస్తాను. ఏడేళ్లో పదేళ్లో ఇచ్చే మోడల్ తీసుకుంటాను. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్ పాత ఆఫీసు కంప్యూటర్లకి సరిపోతుంది, దీనికి కాదు.

ఇక యూపీఎస్. ఇళ్లల్లో కనిపించే 1000 వీఏ యూపీఎస్‌ల్లో చాలావాటి అసలు సామర్థ్యం 600 వాట్లే. లోపల 500 వాట్లు వాడితే ఎస్ఎంపీఎస్ నష్టం కలుపుకుని గోడ నుంచి 550 దాకా లాగుతుంది, మానిటర్‌తో 600 అంచుకు చేరుతుంది. రెండరింగ్ మధ్యలో కరెంటు పోగానే అది కీచుమని ఆగిపోతుంది. 1500 వీఏ, 900 వాట్లది, ప్యూర్ సైన్‌వేవ్ (గోడ కరెంటు లాంటి నున్నటి అల ఇచ్చే) రకం తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లతో పదీ పదిహేను మిల్లీసెకన్లకు మించి నెట్టుకురాలేదు. ఇన్వర్టర్ ఆలోపు అందుకోవాలి.

ఎర్తింగ్ గురించి ఎవరూ అడగరు. క్యాబినెట్ ఇనుప అంచు ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య కరెంటును శుభ్రం చేసే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి మధ్య బిందువు క్యాబినెట్‌కి కలిపి ఉంటుంది. ఎర్తు వైరు సరిగ్గా ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పమే కాబట్టి మనకు జివ్వుమనడంతో సరిపోతుంది, కానీ అదే క్యాబినెట్‌కి కెమెరా కేబుల్, ఆడియో మిక్సర్ తగిలిస్తే పోర్టులు పోయే ప్రమాదం ఉంది. మూడు పిన్నుల సాకెట్ కనిపించినంత మాత్రాన వెనక ఎర్తు ఉందని నమ్మొద్దు. సిస్టమ్ ఇంటికి రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటర్‌తో చూపించండి. ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి.

7. వేడి, దుమ్ము, క్యాబినెట్

విదేశీ రివ్యూల్లో ప్రాసెసర్ 75 డిగ్రీలు చూపించిందంటే, అది 21, 22 డిగ్రీల గదిలో చూపించింది. కూలర్ చేయగలిగేది గది వేడికంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువలో ఉంచడమే. మే నెలలో మీ గది 40 ఉంటే ఆ 18 డిగ్రీల తేడా నేరుగా ప్రాసెసర్ మీద పడుతుంది, 75 కాస్తా 93 అవుతుంది. అందుకని ఒక సైజు పెద్ద కూలరే ఎంచుకోండి. రెండు టవర్లున్న ఎయిర్ కూలర్ 265కెకి బాగానే సరిపోతుంది. లిక్విడ్ కూలర్ అందంగా ఉంటుంది, మంచిదే, కానీ పంపు ఆగిపోతే పని ఆగిపోతుంది. ఎయిర్ కూలర్‌లో ఫ్యాను పోతే ఇంకో ఫ్యాను తెచ్చి క్లిప్పు తగిలించుకోవచ్చు. ఖమ్మంలో, సీజన్ మధ్యలో, ఈ తేడా పెద్దదే.

క్యాబినెట్ ముందువైపు జాలీ ఉన్నదే కొనండి. ముందు అద్దం బిగించినవి చూడ్డానికి ఆక్వేరియంలా ఉంటాయి, గాలి ఎటునుంచి వస్తుందో వాటికే తెలియాలి. కూలర్ ఎత్తు, కార్డు పొడవు క్యాబినెట్‌లో పడతాయో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోండి. దుమ్ము ఫిల్టర్ బయటికి తీసి కడుక్కునేలా ఉండాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకోండి.

8. కొనడం

హైదరాబాద్ వైపు వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. లిస్టు మీరే మోడల్ నంబర్లతో సహా రాసుకుని మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోండి. "అదే లెవెల్‌ది వేరే కంపెనీది ఇస్తాం సార్" అంటే ఏది ఏ మోడలో రాసిమ్మనండి. ఆన్‌లైన్ ధర ఫోనులో చూపిస్తే బేరం తొందరగా తెగుతుంది.

బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామన్న మాటకు లొంగకండి. వారంటీ అడిగినప్పుడు కావలసింది ఆ బిల్లే. స్టూడియోకి జీఎస్టీ నంబరు ఉంటే కట్టిన 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించి పెట్టెల మీదవాటితో సరిపోల్చండి. ప్రాసెసర్ పెట్టె లేకుండా ట్రేలో ఇస్తే వారంటీ ఎవరిదో ముందే తేల్చుకోండి. అమెరికాలో ఉన్న బావగారు కార్డు తెస్తానన్నారా? చాలా కార్డుల వారంటీ కొన్న దేశానికే పరిమితం. పాడైతే మళ్లీ బావగారి సూట్‌కేసులోనే వెనక్కి పోవాలి.

నెలకొక పార్టు కొని దాచుకునే అలవాటు మానుకోండి. అన్నీ కలిపి బిగించేసరికి మొదట కొన్నదాని మార్చుకునే గడువు అయిపోతుంది.

9. మొదటి రోజు

పవర్ నొక్కగానే స్క్రీన్ నల్లగానే ఉంటే కంగారుపడి ఆపేయకండి. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌కి ట్రైనింగ్ ఇస్తుంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో అసెంబుల్ చేసేవాళ్లని అడగండి. ఈ పొరపాటు రోజూ ఇదే పని చేసేవాళ్లూ చేస్తారు.

ఆ రాత్రికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. తెల్లారి ఒక్క ఎర్రర్ కనిపించినా ర్యామ్ మార్పించాల్సిందే. తర్వాత ప్రాసెసర్‌ను పూర్తిగా పనిలో పెట్టే సినీబెంచ్ అరగంట ఆపకుండా నడిపి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూడండి. ఆఖరికి మీ క్లిప్పు. మొదట్లో మీడియాఇన్ఫోలో వేసి చూసిన అదే క్లిప్పు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్‌లో ఉందని చూసి ప్లే చేసి, టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గ్రాఫు తెరవండి. అది పైకి లేవాలి, ప్రాసెసర్ కిందికి దిగాలి. వీలైతే పెన్‌డ్రైవ్‌లో క్లిప్పు తీసుకెళ్లి ఈ ఒక్క పరీక్ష షాపులోనే చేయించండి.

మా తమ్ముడు పాత కార్డు వచ్చిన ధరకి అమ్మేసి 5060 టీఐ 16 జీబీది వేయించుకున్నాడు. జీలకర్ర బెల్లం ఇప్పుడు ఆగట్లేదు. మొన్న మళ్లీ ఫోన్ చేసి, హార్డ్ డిస్క్ నిండిపోయింది, కిందటేడు పెళ్లిళ్లు డిలీట్ చేసేయనా అని అడిగాడు. ఆల్బమ్ డబ్బులు ఇంకా ఇవ్వనివాళ్లవి మాత్రం ఉంచమన్నాను.